బెల్లంపల్లి సీమపనస

కోనసీమలో పుట్టినవాడికి సీమపనస గురించి పైవాళ్ళు చెప్పేదేమీ ఉండదని నేను నలభై రెండేళ్ళు నమ్మాను. ఆ నమ్మకం బొగ్గు గనుల బెల్లంపల్లిలో ఒక సోమవారం పొద్దున పోయింది. ఎలా పోయిందో, అటువైపు ఎన్నడూ వెళ్ళని మా వాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు చదివి నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

ముందుగా కాయ సంగతి. సీమపనస పనసకు చుట్టమే కానీ పనసకున్న ఆర్భాటం లేదు. లోపల తొనలుండవు, గింజలుండవు, తెల్లటి గట్టి గుజ్జు మాత్రం ఉంటుంది. ముదిరిన కాయని పండకముందే కోసి కూర వండుతాం, బజ్జీలు వేస్తాం. గింజ లేదు కనుక వేరు మీద లేచిన పిలకతోనే మరో చెట్టు రావాలి. మా పెరటి చెట్టు పిలకనొకదాన్ని మా చెల్లెలు సుభద్ర తొమ్మిదేళ్ళ కిందట కాపురానికి వెళ్తూ పట్టుకుపోయింది. పట్టుచీరలున్న పెట్టెని రైల్లో మా బావకి అప్పగించి, పిలకని మాత్రం తన ఒళ్ళో పెట్టుకుంది. పోయినేడు తుపానుకి మా చెట్టు కూలిపోయింది. ఇక మా ఇంటి చెట్టు అంటూ మిగిలింది బెల్లంపల్లిలో ఉన్న ఆ ఒక్కటే.

ఆషాఢంలో సుభద్ర ఉత్తరం రాసింది. చెట్టు మొదటిసారి కాసిందట. అదే సమయానికి క్వార్టర్ల ఇన్‌స్పెక్టరు వచ్చి, వేళ్ళు కాలవ గట్టు పగలగొడుతున్నాయి కనుక చెట్టు కొట్టెయ్యాలన్నాడట. పండ్ల చెట్లయితే కొట్టకూడదని రూలు ఉంది కానీ, ఆయన దగ్గరున్న పండ్ల చెట్ల జాబితాలో సీమపనస పేరు లేదట. ఆదివారం భోజనానికి వచ్చి చూస్తానన్నాడనీ, అది పండ్ల చెట్టేనని నమ్మితే వదిలేస్తాడనీ, నమ్మకపోతే సోమవారం గొడ్డళ్ళు వస్తాయనీ రాసింది. "నువ్వొచ్చి వండి పెట్టన్నయ్యా. మీ బావకి మాట్లాడటం రాదు, నాకు ఏడుపొస్తుంది" అని చివర ఒక మాట.

మాట్లాడటం, వండటం రెండూ నాకొచ్చుననే నా అభిప్రాయం. వెంటనే బయలుదేరాను. నమూనాకి ఉంటాయని పక్కింటి చెట్టువి రెండు కాయలు కోయించి సంచీలో వేసుకున్నాను. కొండగట్టు ఆంజనేయస్వామి మహిమ గురించి సుభద్ర ఉత్తరాల్లో చదివిన మా అమ్మ, చెట్టు బతకాలని ఆయనకి తమలపాకుల దండ మొక్కుకుంది. అలా నా దారి కరీంనగర్ మీదుగా తిరిగింది.

కరీంనగర్

కాజీపేటలో రైలు దిగి బస్సెక్కితే, దారిపొడుగునా మొక్కజొన్న చేలే. వీళ్ళు మక్కలంటారు. కొబ్బరి చెట్టు కనపడుతుందేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. కనపడలేదు. కొబ్బరి చెట్టు లేని ఊళ్ళో మనుషులు ఏం తింటారో అని జాలిపడ్డాను. జాలిపడటానికి మా ప్రాంతం వాళ్ళు పెట్టింది పేరు.

కరీంనగర్ అంగట్లో ఒక ముసలామె బియ్యప్పిండిలో నువ్వులు, పచ్చిమిరపకాయలు కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చిన సర్వపిండి అమ్ముతోంది. ఒక బేడ ఇచ్చి ముక్క కొన్నాను. తిన్నాక ఇంకో బేడ ఇచ్చి ఇంకో ముక్క కొన్నాను. జాలిపడినవాణ్ణి కాబట్టి బాగుందని పైకి అనలేదు.

పక్కనే కూరగాయలు పెట్టుకున్నామెకి నా సంచీలోని సీమపనస చూపించాను. చేత్తో బరువు చూసింది, వాసన చూసింది, తొడిమ దగ్గర గోటితో గీరింది.

"గిదేం కాయ పంతులూ?"

నాకు కావలసింది అదే. ఎప్పుడు కొయ్యాలో, చెక్కు ఎలా తియ్యాలో, ఎన్ని ఆవాలు నూరాలో, ఎంత నూనె, ఎంత చింతపండు, కొబ్బరి కోరు ఎక్కడ చల్లాలో నిలబడి పాఠం చెప్పాను. బేరాలు మానుకుని మరీ విన్నది.

"గిన్ని ఏసినంక గీ కాయల ఏమున్నది పంతులూ? గట్ల వండితె పాత చెప్పు సుత రుచే ఉంటది" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తెలియనివాళ్ళకి చెప్పడం నాదే తప్పనుకుని కాయ సంచీలో వేసుకున్నాను. ఆ మాట మాత్రం సంచీలోకి రాకుండా నా వెంటే వచ్చింది.

కొండగట్టు

మనసు చెదిరినవాళ్ళని కొండగట్టుకి తీసుకొచ్చి రోజుల తరబడి ఉంచుతారు. స్వామి సన్నిధిలో పొద్దునా సాయంత్రం ప్రదక్షిణలు చేయిస్తారు. ఒక తల్లి తన కూతురి చెయ్యి పట్టుకుని, అలసిపోయిన మొహంతోనే నవ్వుతూ తిప్పుతోంది. చూడగానే నాకున్న వెటకారమంతా కాసేపు నోట్లోనే ఉండిపోయింది.

తమలపాకుల దండ ఇచ్చి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కోతుల భయానికి సంచీని రెండు చేతులా గుండెకి అదుముకున్నాను. పక్కనున్న పెద్దాయన నన్ను చాలాసేపు గమనించాడు.

"ఎవర్ని తోలుకొచ్చినవ్ పంతులూ?"

"ఎవర్నీ లేదండీ, ఒక్కణ్ణే వచ్చాను."

"సంచిల ఏముంది?"

"సీమపనస కాయలు. చెట్టుని కొట్టెయ్యకుండా కాపాడాలని వెళ్తున్నాను. ఇన్‌స్పెక్టరు గారికి వండి పెట్టాలి."

పెద్దాయన తల పంకించి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "మంచిగ చేసినవ్. ఎరుక ఉన్నప్పుడే వచ్చినవ్. ఫికర్ పడకు. మా అల్లునికి ఇరవయ్యొక్క దినాలకు నయమైంది."

నేను సర్దిచెప్పబోయే లోపల ఒక కోతి సంచీలో చెయ్యి పెట్టి ఒక కాయ ఎత్తుకుపోయింది. కొరికి, మూతికి జిగురంటుకుని, గోడ మీద మూతి రుద్దుకుంటూ నావైపు ఎంత అసహ్యంగా చూసిందో చెప్పలేను. నేను కోతితో వాదించడం చూసి పెద్దాయన అనుమానం పూర్తిగా తీరిపోయింది.

గోదావరి దాటాక

మళ్ళీ వెనక్కి వచ్చి పెద్దపల్లిలో రైలెక్కాను. మంచిర్యాలకి ముందు గోదావరి వచ్చింది. లేచి దణ్ణం పెట్టి, మా గోదావరి ఇక్కడ కూడా ఉందే అన్నాను. ఎదురు బల్ల మీదున్న గని కార్మికుడు నవ్వాడు.

"మీ దిక్కు కిందికి గదా సారూ వచ్చేది. మేం తానం చేసినంకనే మీకు."

ఇన్నేళ్ళుగా పిల్లలకి పాఠం చెబుతున్నాను కానీ ఈ సంగతి ఇలా ఎప్పుడూ తోచలేదు. మంచిర్యాల దాటాక పట్టాల పక్క మట్టి నల్లబడటం మొదలుపెట్టింది. బెల్లంపల్లిలో దిగేటప్పటికి నా తెల్ల జుబ్బా కూడా ఆ ఊరిదే అయిపోయింది.

నీళ్ళు పారే కాలవ

మా బావ గనిలో హాజరు గుమాస్తా. గనిని ఇక్కడివాళ్ళు బాయి అంటారు. పొద్దున సైరన్ కూయగానే ఊళ్ళో సగం మంది బాయిలోకి దిగుతారు. మా బావ మాత్రం పైనే కూర్చుని, దిగినవాళ్ళ పేర్లు రాసుకుంటాడు.

సుభద్ర గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక ఆకు పట్టుకుని చూశాను. మా చెట్టు ఆకే, చేతి వేళ్ళు చాచినట్టున్న అదే ఆకు. వేసవిలో రాళ్ళు కూడా పగిలే ఈ ఊళ్ళో అది ఎలా బతికిందో అర్థం కాలేదు.

"ఇదిగో అన్నయ్యా, ఇందుకే" అని సుభద్ర గోడ పక్కనున్న కాలవని చూపించింది.

గనిలో ఊరే నీటిని పంపులతో పైకి తోడి బయటికి వదులుతారు. ఆ నీళ్ళు ఏడాది పొడుగునా క్వార్టర్ల వెనక కాలవలో పారుతూనే ఉంటాయి. ఎండలు ముదిరినప్పుడు గోనెపట్టాలు తడిపి మొక్కకి కప్పి, ఈ కాలవ నీళ్ళే పోసి పెంచారట. పెంచినవాళ్ళు ఇద్దరు. ఒకరు సుభద్ర, రెండోది పక్క క్వార్టర్ లచ్చవ్వ. లచ్చవ్వది హుస్నాబాద్ దగ్గర పల్లె. భర్త గనిలో బొగ్గు నింపే పని చేస్తాడు. చెట్టు తనదో సుభద్రదో ఆమెకి పెద్దగా పట్టింపు లేదు.

"మా యన్నయ్య వచ్చిండు లచ్చవ్వా, ఇక పరేషాన్ లేదు" అంది మా చెల్లెలు. తొమ్మిదేళ్ళలో ఆమె భాష సగం గోదావరి ఈవలి ఒడ్డుకి చేరింది.

నేను ఆడంబరంగా సంచీ విప్పి మిగిలిన కాయ తీశాను. కరీంనగర్‌లో ఒక పూట, కొండగట్టులో ఒక పూట తిరిగిన కాయ బాగా మెత్తబడి, నా వేలు లోపలికి దిగిపోయింది. పుల్లటి వాసన కొట్టింది.

లచ్చవ్వ ముక్కు మూసుకోలేదు, మర్యాదస్తురాలు. "కోసినంక నీళ్లల్ల ముంచి పెట్టకపోతివా పంతులూ? మొన్న గాలికి పడ్డది నేను బానల ఏసిన. మూడొద్దులు గట్టిగనే ఉండె."

నీళ్ళలో వెయ్యాలని మా ఇంట్లో పసివాడికి కూడా తెలుసు. తెలిసినవాణ్ణి నేనే మరిచిపోయానని చెప్పుకోవడం ఎందుకని, రైల్లో నీళ్ళెక్కడివి అన్నాను.

ఆదివారం విందు

చెట్టున తొమ్మిది కాయలున్నాయి. పచ్చదనం తగ్గి, చర్మం మీద పాలచుక్కలు ఎండి మరకలు కట్టినవి ముదిరినట్టు లెక్క. వెదురుకి కొడవలి కట్టి తొడిమ కోస్తుంటే, కింద గోనెపట్టా పట్టుకుని అందుకోవాలి. నేల మీద పడితే చితికిపోతుంది. నేను కింద నిలబడి ఆజ్ఞలిస్తుండగా, కోసిన తొడిమ పాలు నా జుబ్బా మీద ధారగా కారాయి. ఆ జుబ్బా ఇప్పుడు మా ఇంట్లో గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి పనికొస్తోంది.

చెక్కు తీసి, నడిమి బొడ్డు తీసేసి, ముక్కలు ఉప్పునీళ్ళలో వేశాను. ఆవాలు నేనే నూరాను. పచ్చికొబ్బరి దొరక్క, మార్వాడీ కొట్లో ఎండు కొబ్బరి తెప్పించి కోరాను. బజ్జీలు వేరే. వంటింట్లో సుభద్రని కూడా అడుగు పెట్టనివ్వలేదు.

ఇన్‌స్పెక్టరు ఖాకీ బట్టల్లో, చంకలో గొడుగు, చేతిలో జాబితాతో వచ్చాడు. కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు. బజ్జీలు లెక్కపెట్టలేదు. చెయ్యి కడుక్కుని జాబితా విప్పాడు.

"కూర మస్తుగున్నది పంతులూ. గానీ గిది కూర. నా తాన పండ్ల చెట్లని రాసున్నది. కూర చెట్లని లేదు. గీ కాయ పండినంక మీ దిక్కు తింటరా?"

ఒక్క క్షణం ఆలోచించి తింటామని ఒక అబద్ధం ఆడి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆవ పెట్టిన కూర మీద నాకున్న గర్వం నన్ను ఆలోచించనివ్వలేదు.

"పండింది మనుషులు తింటారా అండీ? మా కోనసీమలో పండితే గేదెలకి పడేస్తాం" అన్నాను.

మా బావ కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కాగితం మోకాలి మీద పెట్టుకుని, పండును పశువులకు వేయుదురు అని శ్రద్ధగా రాసుకున్నాడు. "మరి పొద్దుగాల మనుషులు వస్తరు" అని వక్కపొడి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

సుభద్ర విస్తళ్ళు ఎత్తేసింది. వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన కూర గిన్నె తోముతూ ఏడ్చింది. అన్నిటికంటే అది నాకు కష్టంగా తోచింది. మూడు వందల మైళ్ళ నుంచి పనిగట్టుకుని వచ్చి, నా నోటితోనే చెట్టుకి గొడ్డలి రాసి ఇచ్చాను.

లచ్చవ్వ కుంపటి

సోమవారం పొద్దున నేను లేచేసరికి లచ్చవ్వ వాకిట్లో రాక్షసి బొగ్గు కుంపటి రాజేసి, దాని మీద మూడు సీమపనస కాయల్ని అలాగే పెట్టేసింది. చెక్కు తియ్యలేదు, కొయ్యలేదు, ఉప్పు రాయలేదు. మక్క కంకిని కాల్చినట్టు అటూ ఇటూ దొర్లిస్తోంది. చర్మం నల్లగా మాడి పెటపెటమంటోంది.

"పాడుచేస్తున్నావు లచ్చవ్వా" అన్నాను.

"బతకని చెట్టు కాయలే గదా పంతులూ. జర ఊకో."

అంతలో ఇన్‌స్పెక్టరు పంపిన కూలీలు పోశెట్టి, ఇంకొకడు గొడ్డళ్ళు భుజాన వేసుకుని వచ్చారు. చెట్టు ఎటు పడితే గోడకి తగలదో చూసుకుంటున్నారు. సుభద్ర గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను వాళ్ళకి సీమపనస ఘనత చెప్పబోయాను. లచ్చవ్వ నన్ను చూడనైనా చూడలేదు.

"ఏమన్న తిన్నవా పోశెట్టీ?" అని అడిగింది.

"ఎక్కడిది వదినే. సైరన్‌కే ఎల్లినం."

"అయితె కూసోండ్రి. తిన్నంకనే కొట్టుదురు. ఆకలి కడుపుతోటి గొడ్డలి పడ్తె కాలు తెగుతది."

మాడిన చర్మం చీల్చింది. లోపల తెల్లగా ఆవిరి కక్కుతూ ఉంది గుజ్జు. మోదుగాకుల్లో వేసి, నూరిన ఎల్లిగడ్డ కారం, చారెడు ఉల్లిగడ్డ పెట్టి ఇద్దరికీ ఇచ్చింది. వాళ్ళు తిన్నారు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిన్నారు.

"రొట్టె తీర్గనే ఉన్నదే" అన్నాడు పోశెట్టి. "గిది గా చెట్టుదేనా?"

"గా చెట్టుదే."

నా చేతిలో కూడా ఒక ఆకు పెట్టింది. మా ఇంట్లో పరాయి పొయ్యి మీద వండింది తినే అలవాటు లేదు. ఆ సంగతి ఈసారి కూడా తిన్న తరవాతే గుర్తొచ్చింది. ఆవ లేదు, కొబ్బరి లేదు, చింతపండు లేదు. సీమపనస రుచి ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది. కరీంనగర్ అంగట్లో ఆమె అన్న పాత చెప్పు మాట అప్పుడు వచ్చి సరిగ్గా నా నెత్తిన పడింది.

పొద్దు బాగా ఎక్కాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెట్టు నిలబడే ఉంది. గొడ్డళ్ళు గోడకి ఆనించి ఉన్నాయి. పోశెట్టి పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఏందిరా, ఇంక కొట్టలే?"

"తిన్నం సాబ్."

"తింటె ఏంది?"

"కాయ తిన్న చెట్టును ఎట్ల కొడ్తం సాబ్. మా తోటి కాదు." పోశెట్టి లేచి, గొడ్డలి తెచ్చి, పిడి ఆయన వైపు తిప్పి వినయంగా చాచాడు. "కొట్టాల్నంటె మీరు కొట్టుండ్రి."

ఇన్‌స్పెక్టరు గొడ్డలిని చూశాడు, తన ఇస్త్రీ బట్టలు చూసుకున్నాడు, రెండు చేతుల చుట్టుకి కూడా అందని మొదలు చూశాడు. ముందురోజు మూడుసార్లు తిని కూడా ఏమీ పట్టనివాడికి, ఇప్పుడు ఏదో పట్టింది. బహుశా ఎండ కావచ్చు. లచ్చవ్వ ఆయనకి కూడా ఒక ఆకు ఇచ్చింది. తిన్నాడు. తిని కాగితం తీశాడు.

"నేనియ్యాల రిపోర్టు పంపాలె. నాకు కాగితం కావాలె, మీకు చెట్టు కావాలె. ఎవలది వాళ్లు తీస్కుందం."

చెట్టు తొలగించబడినది అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాడు.

"మల్ల వేరే సాబ్ వచ్చి చూస్తే?" సుభద్ర భయంగా అడిగింది.

"లేని చెట్టును ఎవలు కొడ్తరమ్మా" అని గొడుగు విప్పుకున్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఎక్కువసేపు ఉండలేదు కానీ, కలిగింది.

ఇంత తెలివి ఎలా తోచిందని లచ్చవ్వని అడిగాను. కుంపట్లో నీళ్ళు చల్లుతూ చెప్పింది.

"నువ్వు రాసెటోనికి తినిపిచ్చినవ్ పంతులూ. వాడు ఎంత తిన్నా రాసేది రాస్తడు. కొట్టెటోనికి పెట్టాలె."

తిరుగుప్రయాణం

బయలుదేరే ముందు కాలవ గట్టున ఒక పిలక కనపడింది. అంతకుముందెప్పుడో కాలవ బాగుచెయ్యడానికి ఇన్‌స్పెక్టరు మనుషులే గునపంతో వేరు తెగ్గొట్టారట. తెగిన చోటే మొలిచింది. లచ్చవ్వ దాన్ని నల్లమట్టితో సహా పెళ్ళగించి, తడి గోనెలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఈసారి దారిపొడుగునా నీళ్ళు చల్లడం నేను మరిచిపోలేదు.

ఇప్పుడది మా పెరట్లో, పాత చెట్టు కూలిన గుంటలో ఉంది. కోనసీమకి బెల్లంపల్లి నుంచి సీమపనస తెచ్చిన మొనగాణ్ణి చూడ్డానికి వీధివాళ్ళు వారం రోజులు వచ్చారు. అందరూ నవ్వారు, నవ్వవలసిన విషయమే. అమ్మ ఒక్కతీ నవ్వలేదు. పిలక వేళ్ళకున్న నల్లమట్టిని కొంచెం చేత్తో తీసి నలిపి చూసి, "సుభద్ర చిక్కిపోయిందా?" అని అడిగింది. లేదని చెప్పాను.

కాపుకి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అమ్మ రోజూ నీళ్ళు పోస్తోంది. మొన్న ఆవిడ పక్కన కూర్చుని, మొదటి కాయకి ఆవ పెట్టనివ్వననీ, చెక్కు కూడా తియ్యకుండా బొగ్గుల మీద కాల్చి, వెల్లుల్లి కారంతో తినాలనీ, అది కూడా మన ఇంట్లోవాళ్ళకంటే ముందు వీధిలో గొడ్డలి పట్టేవాళ్ళకి పెట్టాలనీ చెప్పాను.

అమ్మ చెంబు కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది.

"కొండగట్టులో ఎన్ని రోజులున్నావురా నువ్వు?" అని అడిగింది.